శుభలేఖలో లేని పేరు

ఉదయం ఏడింటికి ప్రెస్సు వాళ్ల ఆటో పరిదివాణన్ ఎం.పీ. ఇంటి ముందు ఆగింది. అయిదు వేల శుభలేఖలు, ఒక్కొక్కటి విస్తరాకంత ఉంది. కట్టలన్నీ దించేసరికి వరండా నిండిపోయి, అక్కడ బియ్యం ఏరుకుంటున్న ఎం.పీ. గారి తల్లి చేటతో సహా మెట్ల మీదికి జరగాల్సి వచ్చింది.

"ఏరా కుప్పుసామీ, ఇది పెళ్లా, ఎలక్షనా?" అంది ముసలమ్మ. పార్టీలో చేరాక కొడుకు అచ్చ తమిళంలో పరిదివాణన్ అని పేరు మార్చుకుని నలభై ఏళ్లయింది. ఆ సంగతి ఆమె నోటికి ఇంకా అందలేదు.

ఎం.పీ. వినిపించుకోలేదు. ఉయ్యాల మీద కూర్చుని, శుభలేఖలోని పేర్లు పైనుంచి కిందికి వేలు పెట్టి చదువుతున్నాడు. పక్కన పార్టీ మండల కార్యదర్శి అళగుదురై చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అధ్యక్షత తలైవర్, అంటే పార్టీ అధినేత. సమక్షం జిల్లా కార్యదర్శి. ఆశీస్సులు ముప్పై ఎనిమిదిమంది.

"మాజీ మంత్రి పేరు జిల్లా కార్యదర్శి కిందే పడింది కదా?"

"కిందే అన్నా. అయిదుసార్లు దిద్దాం. ఒక్క పేరు జారలేదు."

పరిదివాణన్ జీవితచరిత్ర పెద్దదేమీ కాదు. ఇరవై ఏళ్ల వయసులో సైకిలుకు మైదా బంక బొక్కెన తగిలించుకుని గోడలకు పోస్టర్లు అంటించేవాడు. ఏదో ఉద్యమంలో రైల్వేస్టేషను బోర్డు మీది హిందీ అక్షరాలకు తారు పూసి, జైల్లో పదిహేను రోజులుండి వచ్చాడు. ఆ పదిహేను రోజులనే కొంచెం కొంచెంగా ఖర్చుపెట్టుకుంటూ వార్డు మెంబరయ్యాడు, మూడుసార్లు ఎం.పీ. అయ్యాడు. పార్లమెంటులో నోరు విప్పింది రెండే రెండుసార్లు. మొదటిసారి మా ఊళ్లో ఎక్స్‌ప్రెస్ రైలు ఆగాలన్నాడు. అది ఇప్పటికీ ఆగదు. రెండోసారి మైకు పనిచేయలేదు, అయినా చివరిదాకా మాట్లాడే కూర్చున్నాడు.

ఇక ఊళ్లో ఆయన చేసిన ఘనకార్యం పురోహితుడు లేని పార్టీ పెళ్లిళ్లకు అధ్యక్షత వహించడం. అలాంటివి ఆరువందల నలభై. తొమ్మిదింటి పెళ్లికి పన్నెండింటికి వచ్చి, ఆకలితో నీరసపడిన వధూవరుల మధ్య నిలబడి, జైలు కథ మొత్తం చెప్పి, అప్పుడు తాళి అందించేవాడు. ఈ భాగోతం సాగినన్నాళ్లూ ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది భార్య మరగతం టీచరు ఉద్యోగంతోనే.

మరగతం కాఫీ గ్లాసుతో వచ్చి, ఒక శుభలేఖ తీసుకుంది. ముప్పై రెండేళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి. ఏ కాగితం దొరికినా మొదటి నుంచి చివరిదాకా చదవందే వదలదు. చదివింది. వెనక్కి తిప్పి చూసింది. మళ్లీ చదివింది.

"ఎవరి పెళ్లండీ ఇది?"

"పొద్దున్నే ఏమిటా ప్రశ్న? మన అమ్మాయిది."

"అమ్మాయి పేరేదీ మరి?"

పరిదివాణన్ వేలు మళ్లీ పైనుంచి కిందికి దిగింది. పెళ్లికొడుకు పేరు సెల్వమణి, ఎం.ఎస్సీ., కనిపించింది. దాని పక్కన 'పార్లమెంటు సభ్యులు పరిదివాణన్ గారి ప్రియపుత్రిక' అని బంగారు అక్షరాలున్నాయి. అంతే. నలభై పేర్ల వరస చెదరకుండా అయిదుసార్లు దిద్దిన మహానుభావులకు పెళ్లికూతురు గుర్తు రాలేదు.

"దానికేముంది వదినా," అన్నాడు అళగుదురై. "అన్న కూతురంటే ఎవరికి తెలీదు? ఉన్నదే ఒక్కతి."

సరిగ్గా అప్పుడే ఆ ఒక్కతి స్కూటరు దిగింది. తేన్మొళి పశువుల డాక్టరు. తెల్లవారకముందే ఎవరి ఆవో ఈనలేక అవస్థ పడుతోందంటే వెళ్లి వస్తోంది. కాళ్లకు రబ్బరు బూట్లు, చేతుల నిండా డెట్టాలు వాసన. తల్లి శుభలేఖ అందించింది.

తేన్మొళి చదివి నవ్వింది. ఆ నవ్వు చూసి పరిదివాణన్‌కు భయం వేసింది.

"నేను నూరు మందితో చేసుకుంటానన్నాను నాన్నా. తలైవర్ ఈ ఏడాది మన గడప తొక్కకపోతే సీటు రాదని నువ్వు కళ్లనీళ్లు పెట్టుకున్నావని ఒప్పుకున్నాను. ఇప్పుడు చూస్తే ఈ పెళ్లికి నా అవసరమే లేదు."

"పొరపాటమ్మా. స్టిక్కరు వేయిద్దాం."

"స్టిక్కరా?" అంది మరగతం. "ఇది పుట్టినప్పుడు తలైవరే పేరు పెట్టాలని పదకొండు నెలలు ఆగారు. చంటిదాన్ని నాలుగుసార్లు మద్రాసు తీసుకెళ్లి ఆయన గుమ్మంలో నిలబెట్టారు. టీకాల కార్డు మీద కూడా 'పాప' అనే రాయించారు. ఇవాళ స్టిక్కరు వేస్తారా?"

"మరగతం, నలుగురిలో..."

"ఎక్కడున్నారు నలుగురు? ఉన్నది ఈ అళగుదురైయే. అతనికీ ఇంట్లో పెళ్లాం ఉంది, పేరు గుర్తుందో లేదో అడగండి."

అళగుదురై శుభలేఖల కట్టలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"నేనూ సెల్వమణీ వచ్చే సోమవారం మా ఆస్పత్రి వరండాలో దండలు మార్చుకుంటాం," అంది తేన్మొళి. "అదీ చట్టప్రకారం పెళ్లేనని ఆరువందల సభల్లో నువ్వే చెప్పావు. ఇక్కడ మీరు మీరు కూర్చుని ఒకరినొకరు ఆశీర్వదించుకోండి."

అంతలో పరిదివాణన్ ఫోను మోగింది. చెన్నై నుంచి తలైవర్ పీ.ఏ. లౌడ్‌స్పీకర్ల పక్కన నిలబడి నిలబడి ఎం.పీ. కి ఒక చెవి పోయింది కాబట్టి ఆయన ఫోను మాటలు ఇల్లంతా వింటుంది.

"ఆ పెళ్లి ప్రోగ్రాము రాసుకుంటున్నానండీ. పెళ్లికూతురు పేరేమిటి?"

పరిదివాణన్ లేచి నిలబడ్డాడు. "తలైవర్ స్వయంగా పెట్టిన పేరేనండీ. ఆయన్ని అడిగితే చెబుతారు."

అవతల నవ్వు వినిపించింది. "రోజుకి ఇరవైమంది పిల్లలకి పెడతారండీ ఆయన. ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఇంకో మాట. తొమ్మిదింటికి కాదు, తలైవర్ మధ్యాహ్నం మూడింటికి వస్తారు. పిల్లల్ని వేదిక మీదే కూర్చోబెట్టి ఉంచండి. పది నిమిషాలు ఉంటారు."

పరిదివాణన్ అలవాటు ప్రకారం 'అలాగేనండీ' అనబోయాడు. ఎదురుగా బూట్లతో కూతురు నిలబడి ఉంది. నిద్ర చాలక దాని కళ్లు గుంటలు పడ్డాయి. పదకొండు నెలల పిల్లను భుజాన వేసుకుని ఎండలో తలైవర్ గుమ్మం ముందు నిలబడ్డ రోజు ఆయనకు గుర్తొచ్చింది. పిల్ల పాలకోసం ఏడిస్తే, లోపలికి వినిపిస్తుందని తనే దాని నోరు మూశాడు.

"పేరు చెప్పండి," అన్నాడు పీ.ఏ.

"తేన్మొళి," అన్నాడు ఆయన. "కానీ రాసుకోకండి. తలైవర్‌కి శ్రమ వద్దండీ. మా అమ్మాయి మూడింటిదాకా కూర్చోదు."

"ఆలోచించుకున్నారా? సీటు సంగతి..."

"అదీ తెలుసండీ."

ఫోను పెట్టేసి ఉయ్యాల మీద కూలబడ్డాడు. వీరుడిలా ఏమీ లేడు. ముఖం పాలిపోయి, కలిపిన అన్నం కాకెత్తుకుపోయినవాడిలా ఉన్నాడు. అళగుదురై చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. వెళ్లాడంటే సాయంత్రానికల్లా ఇంకొకరి ఉయ్యాల పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆ సంగతి అందరికీ తెలుసు.

పరిదివాణన్ జేబులోంచి పెన్ను తీశాడు. ఒక శుభలేఖ ఒళ్లో పెట్టుకుని, పైనున్న నలభై పేర్లనూ అడ్డంగా కొట్టేశాడు. తన పేరు ముందున్న 'పార్లమెంటు సభ్యులు' దగ్గర కాసేపు ఆగాడు. అదీ కొట్టేశాడు. ఖాళీలో కూతురి పేరు రాశాడు. ఇంకొకటి తీశాడు.

"ఎన్ని రాస్తావు నాన్నా?" అంది తేన్మొళి. బూట్లు విప్పి పక్కన కూర్చుంది.

"మనవాళ్లు ఎంతమందుంటారు?"

"నూరు మంది."

"నూరు రాస్తాను. తాళి నన్ను అందించనిస్తావా అమ్మా?"

ఆమె తండ్రి భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది. "తొమ్మిదింటికే రావాలి. జైలు కథ చెప్పకూడదు."

"ఒరే కుప్పుసామీ," అంది ముసలమ్మ మెట్ల మీది నుంచి. "ఆ పిల్లను కన్నది నువ్వొక్కడివేనా? కోడలి పేరేదిరా?"

పరిదివాణన్ తలెత్తి చూశాడు. రాసిన నాలుగు శుభలేఖల్లోనూ అది లేదు. మళ్లీ మరిచిపోయాడు. సిగ్గుతో తల దించుకుని, తన పేరుకు పైన, స్కూలు పిల్లవాడిలా నెమ్మదిగా రాశాడు. మరగతం.

మరగతం చల్లారిన కాఫీ గ్లాసు పట్టుకుని వెనకే నిలబడి చూసింది. ఎన్నో గోడల మీద, ఎన్నో బ్యానర్ల మీద ఆ మనిషి పేరు చూసింది. దానితో పాటు తన పేరు చూడటం ఇదే మొదలు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పక్కన ఎం.ఏ., బి.ఎడ్. అని కూడా రాయండి," అంది. "మీకు ఎలాగూ లేవుగా."