మీటల మీది చిన్న తెర

లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి టెక్నీషియన్ ప్రాణం పోయి ఉంది. గోడకు ఆనుకుని కూర్చున్న తీరు చూస్తే కునుకు తీస్తున్నాడనిపిస్తుంది. మెడ వెనుక సూదిమొనంత ఎర్రటి చుక్క. ఒళ్ళో ఒక కీబోర్డు, దాని అడుగు పలక సగం విప్పి ఉంది. విప్పేవాడిని ఆపగలిగిన వారు విప్పిన దానిని మాత్రం తీసుకుపోలేకపోయారు; కింది అంతస్తులో ఎవరో బటన్ నొక్కడంతో లిఫ్టు కదిలిపోయింది. కాబట్టి మరుసటి ఉదయానికి ఆ కీబోర్డు గూఢచారి శాఖ పెద్దాయన బల్లమీదికి చేరింది.

బల్లకు ఇవతల నిలబడ్డవాడికి శాఖ పెట్టిన పేరు ‘అల్లుడు’. ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీ వేసి, ఆ తర్వాతే ఎవరని అడుగుతారన్న ఖ్యాతి అతడిది.

“పై వరస మీటల మీద ఈ పట్టీ కనిపిస్తోందా?” అన్నాడు పెద్దాయన.

బెత్తెడు పొడవు, వేలెడు వెడల్పు గల అద్దం.

“చిన్న స్క్రీన్ సర్. ఎదురుగా అంత పెద్దది పెట్టుకుని మళ్ళీ ఇదెందుకో నాకెప్పుడూ అర్థం కాదు.”

“రైల్వే కంట్రోల్ రూమ్‌లో నెల కిందట వీటిని బిగించారు. కంపెనీ విదేశీది. చచ్చిపోయినవాడు అక్కడి రిపేర్లు చూసేవాడు. స్టోర్‌లో ఉన్న ఈ స్పేర్ కీబోర్డు విప్పి చూడబోయాడు. గుండెపోటని బయటికి చెప్పించాం. అసలు సంగతి అత్తయ్య చెబుతుంది.”

ల్యాబ్ అధికారిణిని అత్తయ్య అనే పిలుస్తారు. అల్లుడికి ఆ పేరు వచ్చినప్పుడు, అతణ్ణి తిట్టగలిగిన ఏకైక వ్యక్తిగా ఆమెకు ఈ పేరు వచ్చింది.

“పెద్ద స్క్రీన్ మీద ప్రతి క్షణాన్నీ మీ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ రికార్డు చేస్తుంది. ఈ చిన్నదాన్ని ఎవరు చూస్తున్నారు?” అంది ఆమె. “దీనికి సొంత చిప్పుంది, సొంత మెమరీ ఉంది, ఎవరికీ చెప్పకుండా దాచిన రేడియో ఉంది. కంప్యూటర్ లెక్కలో ఇది తెరే కాదు, మీటల్లో ఒక మీట. పెద్దకొడుకు ఎక్కడ తిరుగుతున్నాడో అని కాపలా కాసి, చిన్నవాణ్ణి గాలికొదిలేసినట్టుంది అల్లుడుగారూ మీ వ్యవహారం.”

“దీన్లోకి ఆర్డర్లు వస్తున్నాయన్నమాట.”

“వస్తున్నాయి. చదువుతున్నది ఎవరన్నదే తేలాలి,” అన్నాడు పెద్దాయన. “ఆ షిఫ్టులో ఇద్దరే ఉంటారు. ఇద్దరిలో ఒకరు వాళ్ళ మనిషి. శాంతి చర్చలకు వచ్చిన ప్రతినిధులతో స్పెషల్ రైలు ఇప్పటికే బయల్దేరింది. మధ్యాహ్నం జంక్షన్ దాటాలి. అక్కడ పక్కనే ఉన్న లూప్ లైనులో ఆయిల్ ట్యాంకర్ల గూడ్స్ నిలబడి ఉంటుంది.”

తర్వాతి మాట చెప్పవలసిన అవసరం లేకపోయింది. మెయిన్ లైనులో పోవలసిన బండి లూపులోకి మళ్ళితే ఏమవుతుందో ఊహకు అందుతుంది.

“బండి ఆపించలేమా సర్?”

“ఇవాళ ఆపితే రేపు ఇంకో బండి. ఆ చెయ్యి ఆ గదిలోనే ఉండిపోతుంది. ఇద్దరినీ కుర్చీల్లోంచి లేపుదామంటే, ఆ సెక్షన్ నడపడం తెలిసినవాళ్ళు ఇంకెవరూ డ్యూటీలో లేరు.” పెద్దాయన కళ్ళజోడు తీశాడు. “ఇంకో మాట. ఆ రైల్లో దుభాషిగా వెళ్తున్నది నీ భార్య. కావాలంటే ఈ పని ఇంకొకరికి ఇస్తాను.”

ఇన్సూరెన్స్ సర్వేయర్‌నని భార్యకు చెప్పుకుని బతుకుతున్న మనిషి కీబోర్డును తన వైపు లాక్కున్నాడు.

“ఇంకెవరికీ ఇవ్వకండి సర్.”

“అయితే విను. ఆ కంపెనీ తరఫున ట్రైనింగ్ ఇచ్చే మేడమ్ ఒకావిడ ఉంది. మనకూ పనిచేస్తుంది, వాళ్ళకూ పనిచేస్తుంది. ఏ పూట ఎవరికన్నది ఆ పూట ఆవిడనే అడగాలి.”

అత్తయ్య ఒక మసాజ్ మెషీన్ తెచ్చి అతడి చేతిలో పెట్టింది. దగ్గరలో దొంగ రేడియో పనిచేస్తుంటే పిడి రెండుసార్లు అదురుతుంది. “జాగ్రత్త, నిజంగానే మసాజ్ కూడా చేస్తుంది,” అంది.

*

కంట్రోల్ రూమ్‌కు కిటికీలు లేవు. ఎదుటి గోడ పొడవునా లైన్ల మ్యాపు. అందులో పాకుతున్న ఆకుపచ్చ చుక్కలు బండ్లు. మ్యాపు ముందు రెండు బల్లలు, రెండు కీబోర్డులు. అల్లుడు తెల్లకోటు వేసుకుని, ఉద్యోగుల మెడలూ వెన్నులూ పరీక్షించే ఫిజియోథెరపిస్టుగా ప్రవేశించాడు. కుర్చీ వేశారు.

షిఫ్టు ఇన్‌ఛార్జిని అందరూ పెద్దక్క అంటారు. కోడి గింజలేరుకున్నట్టు రెండు వేళ్ళతో టైపు చేస్తుంది. మీట మీట వెతుక్కుంటూ తల వంచే ఉంటుంది.

“రండి డాక్టరుగారూ. మెడ ఎత్తితే చుక్కలు కనిపిస్తున్నాయి.”

“పట్టపగలే?”

“రాత్రిళ్ళు చూసే తీరికెక్కడిది నాయనా!”

ఆమె మెడ అడుగున, భుజాల మధ్య, కండ ముడిపడి రాయిలా ఉంది. మసాజ్ మెషీన్ కీబోర్డు దగ్గరకు రాగానే పిడి రెండుసార్లు అదిరింది. అల్లుడి గుండె కూడా.

“ఈ పట్టీ మీకు పనికొస్తోందా?” అడిగాడు, ఏమీ ఎరగనట్టు.

“ఎందుకు రాదు? ఇదివరకు ఫోనొస్తే మ్యాపు మీదే మెసేజ్ పెట్టె ఊడిపడేది, అదీ సరిగ్గా పట్టాలు మారే పాయింట్ల మీద. ఇప్పుడు ఎవరు పిలుస్తున్నారో, గాలి ఎంత వేగంగా ఉందో, అన్నీ ఇక్కడ వేళ్ళ దగ్గరే. మ్యాపుకి అడ్డం లేదు. అంత దూరం తలెత్తే పని లేదు. ఆఖరికి కన్ఫర్మ్ చేసే రూటు కూడా ఇక్కడే చదివేస్తున్నా.”

పక్క బల్లనుంచి నవ్వు వినిపించింది. ఆ ఆపరేటరుకు మెరుపు అని పేరు. గోడవైపు చూస్తూ, కబుర్లు చెబుతూ, పది వేళ్ళతో టైపు చేస్తాడు. “బొమ్మ డాక్టరుగారూ అది, పిల్లలకి బావుంటుంది. నేను మీటలే చూడను, వాటి పైనున్నదాన్నేం చూస్తాను? అక్కకి కొత్త కోడలొచ్చినట్టుంది. పొద్దస్తమానం దాని ముఖమే.”

“నీకు పెళ్ళయితే తెలుస్తుందిరా, కోడలి ముఖం ఎవరు చూస్తారో!”

అల్లుడు మసాజ్ మెషీన్‌ను మెరుపు బల్లవైపు తిప్పాడు. అక్కడా పిడి రెండుసార్లు అదిరింది. రెండు కీబోర్డులూ ఒకే చోట తయారైనవి కాబట్టి రెండింటిలోనూ రేడియో ఉంది; అత్తయ్య పరికరం నిజమే చెప్పింది, కానీ అతడు అడుగుతున్న ప్రశ్నకు కాదు. వచ్చే ఆర్డరును ఎవరు చదువుతారో తెలుసుకోవాలంటే చూపులనే కనిపెట్టాలి. చూపుల లెక్కన చూస్తే, ఆ పట్టీనుంచి కన్ను తిప్పనిది పెద్దక్క ఒక్కతే.

నడవాలో మేడమ్ ఎదురైంది. ముదురు నీలం సూటు, సన్నటి ముత్యాల వరస, ఆమె కంటే ముందు వచ్చే అత్తరు.

“మీ మెషీను అలసటకి పనిచేస్తుందా?” అంది.

“పాత అలసటా, కొత్తదా?”

“సరిహద్దు దాటి తెచ్చుకున్నది.”

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. “పెద్దక్కే. నేనే ట్రైనింగ్ ఇచ్చాను, నాకు తెలుసు. స్పెషల్ జంక్షన్ దగ్గరికి వచ్చేటప్పుడు ఆవిడ కళ్ళనే చూస్తూ ఉండండి. పక్కకి తిరగొద్దు.”

“ఇంత సాయం ఎందుకు చేస్తున్నారు?”

“మీరు బాగుంటారు. వాళ్ళ ఏజెంట్లందరికీ బట్టతల.”

నవ్వి వెళ్ళిపోయింది. అల్లుడు కదలలేదు. ఆమె చెప్పినదానిలో అబద్ధం ఏదో అతడికి తెలియదు. అయితే, నేరస్థుడి పేరు చెప్పేవారు ‘వీరిని చూడు’ అని ఆగిపోతారు. ‘పక్కకి తిరగవద్దు’ అని కూడా చెప్పారంటే, పక్కన చూడవలసినదేదో ఉండే ఉంటుంది.

అతడు లోపలికి వచ్చి నేరుగా మెరుపు కుర్చీ వెనుక నిలబడ్డాడు.

“నాకు నొప్పులేం లేవు డాక్టరుగారూ,” అన్నాడు మెరుపు, తల తిప్పకుండా.

“లేనివాళ్ళకే ముందు చూడాలి. వచ్చాక అందరూ చూస్తారు.”

“చూపించుకోరా, నీ సొమ్మేం పోయింది?” అంది పెద్దక్క.

అల్లుడు అతడి మెడ అడుగున బొటనవేళ్ళు ఆనించాడు. అక్కడ, సరిగ్గా పెద్దక్కకు ఉన్న చోటనే, అంతే గట్టిగా, కండ ముడిపడి ఉంది.

మెడ కండ ఊరికే ముడిపడదు. గంటలకొద్దీ తల వంచితేనే అక్కడ ముడిపడుతుంది. పెద్దక్క తల వంచడానికి కారణం అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆమెకు మీటలు చూడనిదే వేలు పడదు. మీటలే చూడనని చెప్పుకునేవాడు, గోడను చూస్తూ టైపు చేసేవాడు, ఎవరూ గమనించని వేళల్లో నెలరోజులుగా దేనికోసం తల వంచుతున్నట్టు?

అనుమానం రుజువు కాదు. అల్లుడు వేళ్ళు తీయలేదు.

గోడమీద స్పెషల్ చుక్క జంక్షన్ వైపు పాకుతోంది. ఆ చుక్కలో ఎక్కడో కిటికీ పక్కన కూర్చుని ఒక మనిషి ఒకరి మాటను ఇంకొకరికి చెబుతూ ఉంటుంది. లూప్ లైనులో ట్యాంకర్ల గూడ్స్ ఎర్రగా నిలిచి ఉంది.

“బిగుసుకుపోయారేంటి డాక్టరుగారూ, మీకే చేయించాలేమో మసాజ్!” అన్నాడు మెరుపు.

ఆ నవ్వు మధ్యలోనే బొటనవేళ్ళ కింద కండ లాగింది. తల కదలడానికి ముందే మెడ కదిలింది. మెరుపు కిందికి చూశాడు, రెప్పపాటు మాత్రమే. అల్లుడూ చూశాడు. పట్టీమీద గాలి వేగం కనిపించవలసిన చోట ఒకే ఒక్క మాట ఉంది: ‘ఇప్పుడు’.

మెరుపు వేళ్ళు మీటలమీద వాన కురిపించాయి.

నిండిన లైనులోకి బండిని పోనివ్వని లాక్ ఒకటి ఉంటుంది. రిపేర్ల కోసం దాన్ని దాటించే కమాండ్ కూడా ఉంటుంది. అది పనిచేయాలంటే ఒకరు పంపాలి, రెండోవారు రూటును పైకి చదివి కన్ఫర్మ్ నొక్కాలి. గోడమీద జంక్షన్ దగ్గర ఒక గీత మెయిన్ లైన్‌ను వదిలి లూపువైపు వంగి, కన్ఫర్మ్ కోసం పసుపుపచ్చగా మిణుకుమంటోంది. రెండోవారు పెద్దక్క. ఆమె ఆపుతుంది, ఆపడానికే ఆ కుర్చీలో ఉంది.

పెద్దక్క పైకి చదివింది. “స్పెషల్... జంక్షన్... మెయిన్ లైన్. సరే.”

ఆమె చదివింది గోడను కాదు, తన పట్టీని; అల్లుడికి అప్పుడు వెలిగింది. అప్పటిదాకా అతడు ఒక్క సగమే చూశాడు. చిన్న తెర ఇక్కడ ఆర్డరు ఇస్తోంది, అక్కడ అబద్ధం చెబుతోంది. నియమం ప్రకారం గోడమీద చదవవలసిన రూటును ఆమె నెలరోజులుగా వేళ్ళ దగ్గరే చదువుతోంది. తలెత్తితే నొప్పి, తలెత్తకపోతే పని చకచకా సాగిపోతోంది. సుఖంగా ఉన్న అలవాటును ఎవరు అనుమానిస్తారు? శత్రువులకు ఈ గదిలో ఒక ద్రోహి, ఒక మెడనొప్పి చాలు.

ఆమె చూపుడువేలు కన్ఫర్మ్ మీట వైపు దిగుతోంది.

“అక్కా! గోడ చూడు!”

డాక్టరు అలా ఏకవచనంలో అరుస్తాడని ఆమె అనుకోలేదు. ఉలిక్కిపడి తలెత్తింది. “అమ్మో, మెడ!” అన్న మాట సగంలో ఆగిపోయింది. పసుపు గీతను చూసింది. వేలు మీటను తాకబోతూ, నొక్కకుండా, గాలిలో నిలిచింది.

మెరుపు లేచి ఆమె బల్లమీదికి దూకబోయాడు. అల్లుడి బొటనవేలు అతడి మెడలో ఉండవలసిన చోటనే ఉంది. కొంచెం గట్టిగా నొక్కవలసి వచ్చిందంతే. మెరుపు బస్తాలా కుర్చీలోకి జారిపోయాడు.

పెద్దక్క ఇంకేమీ అడగలేదు. పసుపు గీతను రద్దుచేసి, స్పెషల్ ముందున్న సిగ్నల్‌ను ఎర్రగా వేసింది. ఆకుపచ్చ చుక్క పాకి పాకి, పాయింట్ల ముందు నిలిచిపోయింది.

“ఈ దిక్కుమాలినదాన్ని నమ్మి...” ఆమె పట్టీని అరచేత్తో మూసింది. “నా వేలితోనే చేయించేవాళ్ళు. రేపు అందరూ నా వేలినే చూపించేవాళ్ళు.”

“అందుకే మేడమ్ ముందుగానే మీ పేరు చెప్పి ఉంచింది,” అన్నాడు అల్లుడు.

గేటు దగ్గర మేడమ్ కారు ఎక్కబోతుండగా పెద్దాయన స్వయంగా తలుపు పట్టుకున్నాడు.

“నేను మీ మనిషినే కదండీ!” అంది ఆమె.

“అందుకే బయటివాళ్ళకి అప్పగించడం లేదమ్మా, మేమే తీసుకుపోతున్నాం.”

కంట్రోల్ రూమ్‌లో పెద్దక్క రెండు కీబోర్డుల పట్టీలకూ నల్ల టేపు అంటించి, మొదటినుంచి గోడమీద చదివి, మెయిన్ లైన్‌కు పచ్చ సిగ్నల్ ఇచ్చింది. అల్లుడి ఫోను మోగింది.

“ఏమండీ, ఎక్కడున్నారు?” భార్య గొంతులో పొగలు వస్తున్నాయి. “మా బండి ఉన్నట్టుండి ఎంత గట్టిగా బ్రేకు వేసిందనుకున్నారు! ఇటు పెద్దమనిషి కాఫీ అటు పెద్దమనిషి ఒళ్ళో పడింది. ఇద్దరూ ఏమేం తిట్టుకున్నారో, వాటన్నిటినీ నేను మర్యాదగా అనువాదం చెయ్యాల్సి వచ్చింది. ఆ కంట్రోల్ రూమ్‌లో కూర్చునేవాళ్ళకి బుద్ధుందా? మీకు పెద్దపెద్దవాళ్ళు తెలుసు కదా, వాళ్ళమీద గట్టిగా ఒక కంప్లయింట్ ఇవ్వండి.”

అల్లుడు ఫోనుకు చెయ్యి అడ్డుపెట్టి పెద్దక్కవైపు తిరిగాడు.

“అక్కా, ఆ బండిలో ఉన్న మా ఆవిడ నుంచి మీమీద ఒక కంప్లయింట్ వచ్చింది. బ్రేకు గట్టిగా వేయించారట.”

“రాసిమ్మను నాయనా,” అంది పెద్దక్క, గోడమీంచి కన్ను తిప్పకుండా. “ఆవిడ బతికుండి రాసే కంప్లయింటు, ఫ్రేము కట్టించుకుంటాను.”