పదిహేడో నంబరు ఇంద్రమ్మ

నారాయణఖేడ్‌లో పాత దవాఖాన సందు అంటే చాలు, దీపాలు పెట్టే వేళ దాటాక ఎవరూ అటు నడవరు. సిర్గాపూర్ పోయే ఆటోలు కూడా చుట్టు తిరిగే పోతాయి. దవాఖాన కొత్త బిల్డింగుకు మారి ఏడాదయింది. పాతదానికి తాళం. లోపల పురుగు కూడా లేదు. అయినా కరెంటు పోయి వచ్చిందంటే — లోపలి నుంచి ఒక ఆడగొంతు పిలుస్తుంది.

"పదిహేడో నంబరు... ఇంద్రమ్మ... నాగల్‌గిద్ద... లోపలికి రండి."

నాగల్‌గిద్ద ఊరి ఇంద్రమ్మ చనిపోయి కూడా ఏడాదయింది.

ఆ పిలుపు విని వెనక్కి తిరిగి చూస్తే, పద్దెనిమిదో నంబరు చూసినవాడిదే అంటారు.

ఆ దవాఖానకు పేర్లు పిలిచే కంప్యూటరు ప్రోగ్రాం రాసిపెట్టింది స్టాన్లీ. అతను కూడా ఆ సందు మొహం చూడలేదు. దెయ్యమంటే భయమని ఇంట్లో చెప్పాడు. భయం కాదు.

ఒక సాయంత్రం, కొత్త దవాఖానలో పేర్లు రాసుకునే లిదియా తాళంచెవి అతని ముందు పడేసింది.

"ఏందన్నా, మందిని పిలువుమని పెడితే నీ మిషినే దెయ్యమాయె! బంద్ చేసి రమ్మన్నడు డాక్టర్‌సాబ్. భయమైతే చెప్పు, మా అమ్మను తోడు పంపుత."

స్టాన్లీ తాళంచెవి తీసుకున్నాడు.

అతను పోయేసరికి కరెంటు లేదు. సందంతా చీకటి. సెల్లు వెలుగులో తాళం వెతకబోతే... మెట్టు మీద ఏదో తెల్లగా... కదలకుండా...

"ఎ... ఎవరు?"

"గట్టిగ మాట్లాడకు" అంది ఆ ఆకారం గుసగుసగా. "ఇగ పిలుస్తరు."

ఈరయ్య. ఇంద్రమ్మ మొగుడు. తలకు తెల్ల రుమాలు.

"తాతా... ఈడేం చేస్తున్నవ్?"

"ఆ దినం పొద్దటి సంది కూసున్నం బిడ్డా. ఆమె గొంతు ఎండుతుందంటే, రెండు గుక్కల చాయ తాపిద్దామని తోలుకపోయిన. గంతల్నే పిలిచిన్రంట. సాయంత్రం అడిగితే, పిలిచినం, మీరే లేరన్నరు. తిరిగి పోతుంటే ఆటోలనే పానం పోయింది. నా బిడ్డ ఇల్లు పక్క గల్లీలనే. కరెంటు పోతే వచ్చి కూసుంట. మళ్ల తప్పిపోవద్దు గద."

స్టాన్లీ అతని పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.

అతను రాసిన ప్రోగ్రాంలో రెండు తెరలు. ఒకటి డాక్టరు బల్ల మీద, ఒకటి వరండాలో. రెండూ ఇంటర్నెట్ పేజీల్లాగే అల్లినవి. ఒకదాన్ని ఒకటి చూడలేవు. నడుమ ఇంకో చిన్న ప్రోగ్రాం కనబడకుండా ఉండి, కబుర్లు అటూ ఇటూ అందిస్తుంది. ఆ రోజు వరండా తెర ఆగిపోయి మళ్లీ తెరుచుకుంటున్న నిమిషంలో, డాక్టరు ఇంద్రమ్మ పేరు నొక్కాడు. కబురు బయలుదేరింది. అటు వినేది లేదు.

ముట్టిందని జవాబు వచ్చేదాకా కబురును విడవకూడదని స్టాన్లీకి తెలుసు. చావు కబురు మోసేవాడు కూడా గడపలో మనిషి మొహం చూడకుండా తిరిగి రాడు. కానీ అందుకు ప్రోగ్రాంలో రాయాల్సిన నాలుగు వరుసలు రేపు రాద్దాంలే అనుకున్నాడు.

ఆ సాయంత్రం కాంపౌండర్ "పిలిచినమా, లేదా?" అని అడిగితే, తెర చూసి "పంపినట్టే ఉంది" అన్నాడు. ముట్టినట్టు ఎక్కడా లేదని మాత్రం అనలేదు. నోరు మూసుకుని ఆడిన అబద్ధానికి పాపం తక్కువేమీ కాదు.

మూడో రోజు చప్పుడు కాకుండా ఆ వరుసలు రాశాడు — పిలిచిన మనిషి వచ్చిందని ఎవరైనా మీట నొక్కేదాకా, మిషిన్ లేచినప్పుడల్లా మళ్లీ పిలవమని. ఆ రాత్రే దవాఖాన మారింది. మిషిన్ అక్కడే ఉండిపోయింది. చిట్టాలో ముట్టకుండా మిగిలిన ఇంద్రమ్మ పేరు కూడా ఉండిపోయింది.

టక్... కరెంటు వచ్చింది. తలుపు కింద నీలం వెలుగు.

"పదిహేడో నంబరు... ఇంద్రమ్మ..."

ఈరయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు. "ఉన్నం సారూ! ఈడనే ఉన్నం!"

స్టాన్లీ లేచి అతని ముందుకు వచ్చాడు.

"తాతా... ఆ దినం పిలువలేదు."

"ఏందీ?"

"మీరు చాయకు పోయినా, పోకున్నా... అసలు పిలువనే లేదు. తప్పు నాది."

"నీకెప్పుడెరుక?"

"...ఆ సాయంత్రమే."

ఈరయ్య తలుపు వైపు చెయ్యి చూపించాడు. స్టాన్లీ తీశాడు. ధూళి పట్టిన తెర మీద ఒకటే పేరు.

"ఏది నొక్కాలె?"

చూపించాడు. ముసలాయన వేలితో నెమ్మదిగా నొక్కాడు. పేరు చెరిగింది.

మెట్టు దిగుతూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు ఈరయ్య —

"ఏడాది సంది నేను చాయ తాగలే, బిడ్డా."