ఎదుటివాళ్ల పక్షం

ఫిలాసఫీ మొదటి క్లాసులోనే ఇద్దరికీ పడలేదు. టైలరమ్మ కొడుకు కూర్చునే ముందు కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాడు. పక్క బెంచీ అమ్మాయి వంగి, "ఆయన అటెండెన్స్ కూడా నువ్వే వేయిస్తావా?" అంది. ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని క్లాసంతా ఆమెను 'మిస్ ఎందుకు' అనేవారు.

లెక్చరర్‌గారికి ఒక పద్ధతి ఉంది. ఎదుటివాళ్ల వాదనను ఖండించాలంటే, ముందు దాన్ని వాళ్లే 'అవును, నా మాట ఇదే' అని ఒప్పుకునేలా చెప్పాలి. దేవుడున్నాడా అన్న చర్చకు ఆయన ఏరికోరి వీళ్లిద్దరినీ జత చేశారు.

క్యాంటీన్‌లో టీలు చల్లారిపోయేవి. ఆమె వాదనను అతను చెబుతుంటే, ఇంకా గట్టిగా చెప్పమని ఆమె దెప్పేది. అతని ప్రార్థన గురించి అడిగేటప్పుడు మాత్రం ఆమె గొంతు తగ్గేది. ఆ గొంతు కోసం అతను చిన్నప్పటి జ్వరం దగ్గర్నుంచి అన్నీ చెప్పేశాడు.

చర్చకు ముందురోజు అతను ఇంట్లో అద్దం ముందు నిలబడి, దేవుడు లేడని చేతులూపుతూ నిరూపించాడు. పైనుంచి వినేవాడికి నవ్వొచ్చే ఉంటుంది. తల్లికి రాలేదు. పక్కగదిలో కుట్టుమిషను ఆగిపోయింది. ఎంత చెప్పినా ఆమె వినలేదు. ఆ సబ్జెక్టు మానేయమంది, ఆ అమ్మాయితో స్నేహం కూడా.

అతను ఫోన్ చేసి చర్చకు రానని చెప్పిన గంటలోపే 'మిస్ ఎందుకు' వాళ్లింటికొచ్చింది. ఇక్కడా వాదిస్తుందేమోనని అతను తలుపు వెనక్కి తప్పుకున్నాడు. ఆమె మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"బాబుకి జ్వరమొచ్చినప్పుడు మీరు చేయగలిగిందంతా చేశారు ఆంటీ. తర్వాత ఇంక చేయడానికేం మిగల్లేదు. అప్పుడు ఎవరో మీ చెయ్యి పట్టుకున్నట్టు తెలిసింది. రుజువు అడిగితే చూపలేరు. కానీ తెలుసు. అంతేనా?"

తల్లి చేతిలోని గుడ్డ మిషను మీద పెట్టేసింది.

"అంతే," అంది. "మరి నువ్వు నమ్ముతావా?"

"తెలీదాంటీ. మీ దగ్గర అబద్ధం చెప్పలేను. మీ అబ్బాయిని మాత్రం రుజువు అడక్కుండానే నమ్మాను."

తల్లి కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఆ మాట నాకెందుకమ్మా? తలుపు వెనక ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు, వాడికి చెప్పు. తొందరగా చెప్పు, పడిపోయేలా ఉన్నాడు."