తడి గోనెల కింద

పొద్దున్నే సొలొమోనుకు జావ ఇచ్చి, కదలని కాళ్లు తుడుస్తోంది ఆనందమ్మ. రెండేళ్లుగా భర్తకు నడుము కింద చచ్చుబడి ఉంది. ఆమె తమ్ముడు, మేస్త్రీ పని చేసే బాలకిషన్ వచ్చి గడప బయటే నిలబడ్డాడు.

“అక్కా, నా ఇంటికి మొన్న రెండో స్లాబ్ పడ్డది. ఒక్కపారి వచ్చి చూడవా?”

ఈ రెండేళ్లలో ఆమె వాడితో మాట్లాడింది లేదు. వాడు కడుతున్న ఇంటి పనికి పోయే సొలొమోను పడ్డాడు. స్లాబ్ ఆరిపోకుండా పరిచిన తడి గోనెసంచులు, పైపుల కోసం వదిలిన పెద్ద సందును కూడా కప్పేశాయి. సంచి మీద అడుగేసిన మనిషి రెండంతస్తులు కిందికి పోయాడు. ఆ సందు మీద చెక్కలు వేయించని తమ్ముడు కూడా అట్లాగే పడాలని ఆమె ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి మరీ అడిగింది. దేవుడు వినలేదు. ఇక తనే చూసుకుందామనుకుంది.

“వస్తా పా,” అంది.

నారాయణఖేడ్ బస్ డిపో వెనక వీధిలో ఉంది ఆ ఇల్లు. బాలకిషన్ మోటరు వేయడానికి కిందికి దిగాడు. స్లాబ్ మీద ఆనందమ్మ ఒక్కతే. ఇక్కడ సందు మీద చెక్కలు శుభ్రంగా పరిచి ఉన్నాయి. సొంతిల్లు కదా, జాగ్రత్త ఎక్కడలేనిది పుట్టుకొచ్చింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. చెక్కలు లాగి పక్కన పడేసి, తడి సంచులు సందు మీదికి చదునుగా జరిపింది. నీళ్లు కొట్టడానికి వాడు నేరుగా ఇటే వస్తాడు.

వచ్చింది వాడు కాదు. వాడి భార్య జీవిత, చాయ్ గ్లాసులున్న పళ్లెం పట్టుకుని నవ్వుతూ నేరుగా ఆ సంచుల మీదికే వస్తోంది.

“ఎన్ని దినాలకు వచ్చినవ్ వదినా...”

ఆనందమ్మ పరుగెత్తి ఆమెను రెండు చేతులా వాటేసుకుని వెనక్కి పడింది. చేజారిన పళ్లెం సంచి మీద పడి, సంచితో సహా సందులోకి జారిపోయింది. కింద గ్లాసులు పగిలాయి.

చప్పుడు విని పైకొచ్చిన బాలకిషన్‌కు పక్కన పడున్న చెక్కలు చూడగానే అర్థమైంది.

“నువ్వే తీసినవా అక్కా?”

“నేనే తీసిన, నీ కోసమే. నా మనిషిని మంచంల పడేసి నువ్వు నిమ్మళంగ ఇల్లు కట్టుకుంటవా?”

వాడు చెక్కలు మళ్లీ సందు మీద వేసి, అక్కను బండి మీద ఇంటికి తీసుకొచ్చి సొలొమోను ముందు నిలబెట్టి, జరిగింది చెప్పాడు.

“ఇగ నా వల్ల కాదు బావా. నువ్వే చెప్పు.”

సొలొమోను పైకప్పు వైపు చూస్తూ భార్యకు చెప్పాడు.

“ఆ పొద్దు చెక్కలు తీసింది నేనే. సెంట్రింగుకు తక్కువైతే తీసుకపోయిన. సంచులు పరిచింది గూడ నేనే. చెక్కలు మల్ల పెట్టుడు యాది మరిచిన. నా తప్పుకే నువ్వు గింత చాకిరి చేస్తున్నవని తెలిస్తే నా మొఖం చూడవని భయమైంది. ఎవ్వలకు చెప్పొద్దని వాని చేతులు పట్టుకున్న.”

ఆనందమ్మ తమ్ముడి వైపు తిరిగింది. “రెండేండ్లు నా కోపం ఎందుకు మోస్తివిరా?”

“పని నాదే కదా అక్కా. చెక్కలున్నయా లేవా అని నేను చూడకపోతి.”

ఆమె తన చేతులు చూసుకుంది. గోనె పీచు ఇంకా వేళ్లకు అంటుకునే ఉంది.

“నువ్వు మరిచిపోయి చేసినవ్. నేను తెలిసి చేసిన,” అని మొగుడి మంచం మీద తల వాల్చి ఏడ్చింది. సొలొమోను ఆమె తల నిమురుతూ ఉండిపోయాడు.

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

“సుత్తె, మొలలు తీస్కో బాలకిషన్. ఊకె పరిస్తే ఎవ్వలో ఒకలు తీస్తనే ఉంటరు. గా చెక్కలకు మొలలు నేనే కొడ్త.”