ఎత్తేదాకా మోగే ఫోన్

సాయంత్రం నాలుగైంది. పొద్దుటినుంచీ మాట్లాడి మాట్లాడి ఆమె గొంతు బొంగురుపోయింది. ఇంటర్నెట్ ఫోన్లు అమ్మే కంపెనీలో కస్టమర్ల గోడు వినే ఉద్యోగం ఆమెది. గోడు కాక మరేమిటి! ఒకాయనకి, లైన్లో ఆగినవాళ్ళకి పాట వినిపించాలి. ఇంకొకాయనకి, బావమరిది నంబరు వస్తే ఫోన్ తనంతట తనే కట్టయిపోవాలి. ఒక డాక్టరమ్మకి, తన బల్ల మీద ఎత్తకపోతే పక్క బల్ల మీద మోగాలి, అక్కడా ఎత్తకపోతే ఆ పక్కదాని మీద. అన్నిటికీ "అలాగేనండీ" అని రాసుకోవడమే ఆమె పని. లైన్లో ఎంతమంది ఉన్నారో గోడమీది బోర్డు చూపిస్తుంది. ఇప్పుడు తొమ్మిది.

మూడు నెలల కిందట ఇదే కుర్చీలో, తలనొప్పి భరించలేక తన సెల్‌ఫోన్ మోగకుండా పెట్టేసింది. అరగంట తర్వాత చూస్తే, ఆస్పత్రి నుంచి తమ్ముడి కాల్స్ నాలుగు. తిరిగి చేస్తే నర్సు ఎత్తింది. అప్పటికే అంతా అయిపోయింది. ఒక్కసారి ఎత్తి ఉంటే... అన్న మాట అప్పట్నుంచీ ఆమెని పీక్కుతింటోంది.

"నమస్కారమండీ, మీకు ఏ సౌకర్యం కావాలి?" అంది ఆవలింత ఆపుకుంటూ.

అవతల ఏదో చక్రాల బండి కిర్రుమంటూ పోతోంది. గుప్పున మందుల వాసన కొట్టింది. ఫోన్లోంచి వాసనేమిటి నా మొహం, అనుకుంది.

"అవతలివాళ్ళు ఎత్తేదాకా... మోగుతూనే ఉండాలి," గుసగుసగా అన్నాడెవరో.

"అలాంటిది లేదండీ. అరనిమిషానికి ఆగిపోతుంది."

"మరి ఇంకెన్నిసార్లు చెయ్యాలి, బుజ్జక్కా?"

ఆ పిలుపు లోకంలో ఒక్కడిదే.

ఫోన్ పెట్టేసింది. దాని వెనకాల వైరు పీకేసింది. వైరు లేకపోతే అది ఉత్త ప్లాస్టిక్ డబ్బా.

పక్క బల్ల మీద ఫోన్ మోగింది. ఆగింది. ఆ పక్కది మోగింది. ఆగింది. ఆ తర్వాతది... అలా గదంతా చుట్టుకుంటూ పోయింది. కిటికీ దగ్గర కూర్చునే ఆవిడ కిందటి వారమే చేరింది, పాపం ఆవిడకేం తెలుసు! ఎత్తి, రిసీవరుకి చెయ్యి అడ్డంపెట్టి అంది, "మేడమ్, మీకే. మీ తమ్ముడట."

"లేనని చెప్పండి."

"చెప్పాను. ఫర్వాలేదు, ఎత్తుతుందిలే అని పెట్టేశాడు."

ఆమె ముందున్న ఫోన్ మోగింది.

వైరు ఇంకా ఆమె ఎడమచేతిలోనే ఉంది...

ఎంతకని పారిపోతుంది? ఏడుపు ముంచుకొచ్చింది. ఎత్తింది. "చెప్పరా నాన్నా... ఆ రోజు ఎత్తలేదురా. తప్పయిపోయిందిరా."

"హమ్మయ్య, ఎత్తావు." నవ్వాడు. వాడి నవ్వే. "ఏం లేదక్కా, ఒక్కసారి నీ గొంతు విందామని. కానీ పెట్టెయ్యకు. ఇక్కడ వీళ్ళ ఫోన్లు కూడా ఎవరూ ఎత్తట్లేదట... మా అక్క ఎత్తుతుందని చెప్పాను."

వాడి వెనకాల గుసగుసలు. ఒకటి కాదు... చాలా.

ఆమె తలెత్తి బోర్డు చూసింది. ఎన్నడూ యాభై దాటని బోర్డు. నాలుగు వేల ఆరువందల పన్నెండు. పదమూడు. పద్నాలుగు...

ఎవరో ముసలావిడ గొంతు సవరించుకుంది. "అమ్మా... మా వాడికి కలుపుతావా?"

ఆమె నోరు అలవాటుగా "అలాగేనండీ" అనేసింది.

బోర్డు మీద ఒకటి తగ్గింది.