ఎదురు తిరిగిన ఫ్యాన్

తార్నాక మెట్రో స్టేషన్ కింద ఆగిన తెల్ల కారులో కూర్చుని గూఢచారి విభాగం చీఫ్ రంగనాథ్ గొంతు తగ్గించాడు.

"యూనివర్సిటీ క్యాంపస్‌లో సముద్ర పరిశోధన ల్యాబ్ ఉంది. అందులో ఒకే ఒక్క డెస్క్‌టాప్. మన సబ్‌మెరైన్ ఏ దారిన పోవాలో లెక్కగట్టేది అదే. నెట్ లేదు, వైఫై లేదు, పెన్‌డ్రైవ్ లోపలికి రానివ్వరు. అయినా పోయిన నెల రూట్ బయటికి పోయింది. మనవాళ్ళు వెళ్ళేసరికి పరాయి నౌక కాచుకుని కూర్చుంది. ఎట్లా బతికి బయటపడ్డారో ఆ దేవుడికే తెలియాల."

"ఈసారి?" అన్నాడు పరుశురాం.

"సాయంత్రం నాలుగింటికి కొత్త రూట్ వస్తుంది. రాత్రికే ప్రయాణం. మిషన్ మూడ్రోజులుగా ఆగకుండా లెక్క కడుతోంది. ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది. లీకయితే లోపలున్నోళ్ళు తిరిగి రారు. నెల నుంచి కంప్యూటర్ మాడిపోతోందని ల్యాబ్‌వాళ్ళు సర్వీస్ మనిషిని అడిగారు. ఆ మనిషివి నువ్వే."

పరుశురాం ఒంటి మీద అప్పటికే సర్వీస్ ఇంజనీర్ చొక్కా ఉంది, మెడలో దొంగ ఐడీ కార్డు ఉంది. ఆ సబ్‌మెరైన్‌లో అతని తమ్ముడు మనోజ్ ఉన్నాడు. ఆ సంగతి చీఫ్‌కి తెలుసు. తెలిసి కూడా తననే ఎందుకు పంపుతున్నాడు? నమ్మకంతోనా, తనమీదే అనుమానంతోనా? పరుశురాం బుర్ర అలాంటిది మరి. ఇంట్లో పాలు పొంగినా ఇది ఎవరి పన్నాగమా అని స్టవ్ వైపు అదోలా చూసే రకం.

పక్క సందులోని ఇరానీ హోటల్లో మూల టేబుల్ దగ్గర ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. పట్టు చీర, నల్ల కళ్ళద్దాలు, నుదుట బంగారు అంచున్న మెరూన్ స్టిక్కర్ బొట్టు. హోటల్ హోటలంతా ఆమెనే చూస్తోంది. గూఢచారికి ఇంత అందం అవసరమా అనుకున్నాడు పరుశురాం.

"సీతాఫల్‌మండి బండి వెళ్ళిపోయిందా?" కోడ్ వాక్యం పలికాడు.

"మీకోసమే ఆగింది," అందామె.

ఆమె పేరు హారిక. డిపార్ట్‌మెంట్ ఆర్నెల్ల క్రితం గెస్ట్ లెక్చరర్ వేషంలో ల్యాబ్ పక్క గదిలో పెట్టిన మనిషి.

"దొంగ ఎవరో తేలిపోయింది. డాక్టర్ శైలజ. మిషన్ నడిపేది ఆవిడే. దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఆవిడని నాలుగింటికి ముందే తీసుకెళ్ళిపోండి."

"సాక్ష్యం?"

"నా మాట చాలదా?" అని నవ్వింది. ఆ నవ్వుకి ఎవరైనా తల ఊపేస్తారు. పరుశురాం కూడా ఊపాడు గానీ మనసులో లెక్కలోకి తీసుకోలేదు.

ల్యాబ్‌లో డాక్టర్ శైలజ అతని ఐడీ కార్డుని అటూ ఇటూ తిప్పి చూసింది. కంపెనీకి ఫోన్ కొట్టి మరీ విచారించింది. అవతల ఎత్తినవాడు చీఫ్ రంగనాథే అని ఆమెకేం తెలుసు?

"ఇప్పుడా వచ్చేది? చూడు, డబ్బా మాత్రం విప్పొద్దు. మిషన్ బంద్ అయిందంటే నా కష్టమంతా గంగల కలుస్తది."

సర్వీస్ మనిషిని పిలిచి డబ్బా విప్పొద్దంటుందేమిటి? పరుశురాం అనుమానం చిక్కబడింది. స్క్రీన్ మీద ప్రాసెసర్ వేడి తొంభై నాలుగు డిగ్రీలు చూపిస్తోంది. వంద తాకితే మిషన్ దానంతటదే ఆగిపోతుంది. శైలజ గోళ్ళు కొరుక్కుంటోంది. అది మిషన్ ఆగుతుందన్న భయమా, పట్టుబడతానన్న భయమా అతనికి అంతుపట్టలేదు.

అంతలో అటెండర్ గౌరమ్మ అగరొత్తులతో లోపలికొచ్చింది.

"శుక్రారం గద సార్. దీనికి మొక్కకుంటే నాకు పాణం నిమ్మలముండది."

కంప్యూటర్ క్యాబినెట్ ముందు జాలీ ఉంటుంది కదా, సరిగ్గా దాని ఎదురుగా స్టాండ్ పెట్టి వెలిగించింది. పొగ జాలీ మీదికి పోబోయి గిర్రున వెనక్కి తిరిగి పరుశురాం మొహానికే కొట్టింది. దగ్గలేక చచ్చాడు పాపం.

"ఏంచెయ్యాలె సార్," అంది గౌరమ్మ దిగులుగా. "నెల సంది గిట్లనే అయితున్నది. అంతకుముందు పొగంత లోపలికే గుంజుకునేది. దేవుడు తీస్కుంటున్నడని మురిసేదాన్ని. ఇప్పుడేమో అలిగిండు."

పరుశురాం దగ్గు ఠక్కున ఆగింది.

డెస్క్‌టాప్‌లో గాలికి ఒక దారి ఉంటుంది. ముందు ఫ్యాన్ చల్లగాలిని లోపలికి లాగాలి, వెనక ఫ్యాన్ వేడిగాలిని బయటికి తోయాలి. రెండూ బయటికే తోస్తే? కిటికీలు మూసిన వంటింట్లో పొయ్యి వెలిగించినట్టే. ఎవరో ముందు ఫ్యాన్‌ని తిప్పి బిగించారు. దానికి డబ్బా విప్పి ఉండాలి.

అతను క్యాబినెట్ వెనక్కి వంగి చూశాడు. పక్క తలుపు అతుకు మీద ఎర్రగా ఒక బొట్టు ఉంది.

"ఇది నువ్వే పెట్టినవా?"

"దసరాకు నాలుగు దిక్కుల పెడ్త సార్. వారంవారం ముందట ఒక్కటే." గౌరమ్మ వంగి చూసి బుగ్గలు నొక్కుకుంది. "అవ్వో! గిదేంది? స్టిక్కరు! దేవునికి కుంకుమ పెడ్త గని స్టిక్కరెవ్వరన్న పెడ్తరా?"

మెరూన్ రంగు, బంగారు అంచు. తలుపు విప్పినప్పుడు కుంకుమ చెరిగిపోయి ఉంటుంది. ఆ తొందరలో చేతికందింది అతికించి పోయింది మహాతల్లి. పరుశురాం శైలజ వైపు చూశాడు. ఆమె నుదుట బొట్టు లేదు.

"స్టిక్కర్ పెట్టుకుంటే నాకు దద్దుర్లొస్తయ్," అంది శైలజ చిరాగ్గా. "ఏంది ఆ చూపు?"

పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ నమ్మని పరుశురాం ఆ క్షణాన ఒకర్ని నమ్మక తప్పలేదు.

"మేడం, నేను సర్వీస్ మనిషిని కాదు. మీ లెక్కను ఎవరో దొంగిలిస్తున్నరు. ఆ సబ్‌మెరైన్‌ల మా తమ్ముడున్నడు. డబ్బా విప్పనియ్యండి, మీ కాళ్ళు మొక్కుత."

శైలజ అతని కళ్ళలోకి చూసింది. టార్చి తీసింది.

మిషన్ నడుస్తుండగానే పక్క తలుపు ఊడదీశాడు. ముందు ఫ్యాన్‌కి ఒక వైరుండాలి, రెండున్నాయి. రెండోది మదర్‌బోర్డు మీద యూఎస్‌బీ పిన్నులకు పోతోంది. ఫ్యాన్ నడిమధ్య లేబుల్ కింద గోరంత ట్రాన్స్‌మిటర్. ఇనప డబ్బాలోంచి సిగ్నల్ బయటికి పోదు. అందుకని ఆ వైపుని జాలీకి ఆనించి ఫ్యాన్ బిగించారు. గాలి ఎటు పోతేనేం, రహస్యం బయటికి పోతే చాలనుకున్నారు.

"రూట్ రానీకి ఇంక ఐదు నిమిషాలే!" అంది శైలజ. "తొంభై ఏడు!"

రెండో వైరు పీకేశాడు. దొంగతనం ఆగింది గానీ వేడి ఆగలేదు. తలుపు తీసి ఉంచితే చల్లబడుతుందనుకుంటారు చాలామంది. దారి తప్పిన గాలి ఎటూ పోక అక్కడక్కడే తిరుగుతుంది. ముందు జాలీ లాగేసి, మరలు విప్పి, ఫ్యాన్ బయటికి తీశాడు.

"తొంభై తొమ్మిది! ఆగిపోతది, ఆగిపోతది!"

ఫ్యాన్ తిప్పాడు. చెమట చేతుల్లోంచి ఒక మర జారి ఎక్కడో పడింది. పోతే పోనీ అని మిగతావి బిగించి, జాలీ పెట్టి, తలుపు మూశాడు. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. అగరొత్తి పొగ ఒక్క క్షణం తటపటాయించి, జాలీలోకి బుద్ధిగా దూరిపోయింది.

"తీస్కున్నడు!" గౌరమ్మ రెండు చేతులూ జోడించింది.

తొంభై ఎనిమిది. తొంభై ఐదు. ఎనభై తొమ్మిది. స్క్రీన్ మీద రూట్ వచ్చింది, పరుశురాం కావాలనే మొహం తిప్పుకున్నాడు. శైలజ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

పరుశురాం చీఫ్‌కి ఫోన్ కొట్టి కిందికి దిగాడు. కిటికీ కింద పార్కింగ్‌లో ఒక కారు. అందులో హారిక, ఒళ్ళో లాప్‌టాప్. రావలసింది రాక స్క్రీన్ వైపు గుర్రుగా చూస్తోంది. పరుశురాం అద్దం మీద కొట్టి, వేలి కొసన ఉన్న స్టిక్కర్ చూపించాడు.

"మేడం, మీ బొట్టు మా దగ్గర ఉండిపోయింది."

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. అప్పటికే అవతలి డోర్ తీసిన చీఫ్ రంగనాథ్ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"అది శైలజది!" అంది హారిక. అంతటి అబద్ధం అంత తీయగా చెప్పడం ఆమెకే చెల్లింది.

హారికని ఎక్కించుకుని చీఫ్ కారు కదిలాక పరుశురాం ఫోన్ మోగింది. అంబర్‌పేట్ నుంచి అమ్మ, అమృతమ్మ. ఆమె లెక్కలో పెద్దకొడుకు ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా.

"బిడ్డా, తమ్ముడు ఫోన్ ఎత్తుతలేడు. నాకు గుబులైతున్నది. ఏడున్నడో ఏమన్న ఎరుకేనా?"

పరుశురాం కళ్ళు చెమర్చాయి. మనోజ్ ఏ దారిన పోతాడో తనకే కాదు, కాచుకున్న పరాయివాళ్ళకీ ఎరుక లేదు. ఇకముందు ఉండబోదు కూడా.

"నిజంగ తెల్వదమ్మా," అన్నాడు హాయిగా.

ఈ ఉద్యోగంలో చేరాక అమ్మకి అతను చెప్పిన మొట్టమొదటి నిజం అదే. ఆమె మాత్రం నమ్మలేదు.