సాక్షి బిళ్ళ

సెలవు రోజున, అదీ మిట్టమధ్యాహ్నం, 'ఇంకోసారి' మాస్టారు ల్యాబుకి రావడం చూసి గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు.

"ఏంటి సార్, అమ్మగారు ఇంట్లోంచి తరిమేశారా?"

"లేదయ్యా, చిన్న పనుంది. అరగంటలో వెళ్ళిపోతా."

"మీ అరగంట సంగతి నాకు తెలీదా సార్!"

మాస్టారు నవ్వలేదు. గబగబా లోపలికి నడిచాడు.

'ఇంకోసారి మాస్టారు' అన్న పేరు ఆయనకి ఊరికే రాలేదు. అది జింకుని పరీక్షించే ల్యాబు. జింకు కరిగించి తలుపు పిడులు, తాళాలు, కుళాయిలు పోతపోసే కంపెనీలు అరచేతిలో పట్టేంత బిళ్ళలు పంపిస్తాయి. బిళ్ళని మెషీన్ మీద పెట్టి మీట నొక్కితే నిప్పురవ్వ కొడుతుంది. ఆ వెలుగుని బట్టి అందులో ఏ లోహం ఎంతుందో మెషీన్ చెప్పేస్తుంది. మూడుసార్లు కొట్టి, సగటు కట్టి, కాగితం మీద రాసి సంతకం పెట్టడం మాస్టారి పని. ఇరవై రెండేళ్ళుగా అదే పని.

జింకుకి అసలు శత్రువు సీసం. లక్ష పాళ్ళలో అయిదు పాళ్ళు దాటిందా, ఇక ఆ సరుకు గోవిందా. వేడీ తేమా తగిలిన చోట లోపల్లోపల ఉబ్బి, పొరలు పొరలుగా చీలి, చివరికి పొడైపోతుంది. పైకి మాత్రం కొత్త పెళ్ళికొడుకులా నిగనిగలాడుతూనే ఉంటుంది.

అయిదు దాటి అంకె వస్తే మాస్టారు చిన్నగా దగ్గేవాడు. "మురికి మీద పడుంటుందిలే. ఇంకోసారి చూద్దాం." బిళ్ళని గరుకు కాగితం మీద రుద్ది, మళ్ళీ కొట్టి, మంచి అంకెలు మూడు వచ్చేదాకా కొట్టి, ఆ మూడే రాసేవాడు. ఆయనొక్కడే కాదు, అక్కడ అందరిదీ అదే అలవాటు. అనుమానం వస్తే తేల్చుకోవడానికి మూలన ఆవిరి పెట్టె ఉంది. మనిషి ఛాతీ ఎత్తు, మందపాటి తలుపు. అందులో ముక్కని పదిరోజులు ఉడకబెడితే నిజం దానంతటదే బయటపడుతుంది. పదిరోజులు ఆగే ఓపిక ఎవరికుంది? ఏడాదిగా దాని నెత్తిన టీ కప్పులు పెట్టుకుంటున్నారు.

కిందటేడు ఒక సరుకుకి మొదటి రవ్వ తొమ్మిది చూపించింది. మాస్టారు రుద్ది రుద్ది కొట్టగా, ఆఖరికి వరసగా మూడుసార్లు నాలుగు వచ్చింది. నాలుగు అని రాసి సంతకం పెట్టాడు. ఆ లోహం తలుపుల లోపలివైపు పిడులైంది. వాటిలో ఒకటి ఓ కలప మిల్లులో, చెక్కల్ని ఆవిరి పట్టే గది తలుపుకి చేరింది.

ఆ మిల్లులో అన్నదమ్ములిద్దరు పనిచేసేవాళ్ళు. చెక్కలు తిరగేద్దామని అన్న లోపలికి వెళ్ళాడు. వచ్చేశాడనుకుని తమ్ముడు బయట గడియ వేసేశాడు. వేసినా ప్రమాదం లేదు, లోపల పిడి తిప్పితే గడియ దానంతటదే ఊడుతుంది. ఊడాలి. తెల్లారి తలుపు తీస్తే అన్న గుమ్మం దగ్గరే పడున్నాడు. పిడికిట్లో బూడిదరంగు పొడి ఉంది.

పిడి మంచిదేననీ, పొడి ఎక్కడిదో తెలీదనీ చెప్పి, పిడి చేసిన కంపెనీ ఈ ల్యాబు ఇచ్చిన కాగితం చూపించింది. తలుపేసింది తమ్ముడే కాబట్టి తమ్ముణ్ణి లాకప్‌లో పెట్టారు. ఇక ఆ కుర్రాడికి మిగిలిన దిక్కల్లా సాక్షి బిళ్ళ. ప్రతి సరుకుకీ జంటగా వచ్చిన రెండో బిళ్ళని ల్యాబు దాచి ఉంచుతుంది. రేపు పొద్దున విచారణ అధికారి వచ్చి దాన్ని పట్టుకెళ్ళి, వేరే చోట కొట్టించి చూస్తాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ కబురు విన్న దగ్గర్నించి మాస్టారికి ముద్ద దిగడం లేదు. 'ఒక్కసారి చూసుకుంటే పోలా? నాలుగు చూపించే చోటు దొరికేదాకా రుద్ది పెట్టేస్తే రేపు వాళ్ళకీ నాలుగే వస్తుంది...' ఇదీ సెలవునాటి చిన్న పని.

బీరువా తీసి బిళ్ళ అందుకున్నాడు. మూసి ఉన్న బీరువాలో నెలల తరబడి పడున్న బిళ్ళ... చేతికి వెచ్చగా తగిలింది. కొంచెం చెమ్మగా కూడా ఉంది. చొక్కాకి తుడిచి మెషీన్ మీద పెట్టి మీట నొక్కాడు. చుర్రుమంది. కాలిన లోహం వాసన గదంతా పరుచుకుంది.

తొమ్మిది.

టక్... టక్... టక్...

మాస్టారు తల తిప్పాడు. ల్యాబులో తను తప్ప ఎవరూ లేరు. చప్పుడు ఆవిరి పెట్టెలోంచి వచ్చింది.

'ఎలకలే' అనుకున్నాడు. పెట్టె ప్లగ్గు పీకేసి నేల మీద దుమ్ముకొట్టుకుని పడుంది. బిళ్ళని రుద్దాడు. మళ్ళీ కొట్టాడు.

ఎనిమిది.

టక్... టక్... ఈసారి మెల్లగా. ఆ వెనకే, ఎవరో తలుపుకి పెదాలు ఆనించి మాట్లాడినట్టు...

"అన్నా..."

పైప్రాణాలు పైనే పోయాయి.

"అన్నా... తియ్యవా... ఊపిరాడట్లేదు..."

నాలుగడుగుల దూరం. బయటివైపు చిన్న గడియ. చెయ్యి చాపితే చాలు. కానీ తీస్తే లోపల ఎవరున్నారో చూడాలి. చూస్తే తన సంతకానికి జవాబు చెప్పుకోవాలి. మాస్టారు వీపు తిప్పి బిళ్ళని కాగితం మీద పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. చెమట బొట్లు బిళ్ళ మీద పడుతున్నాయి.

"ఇంకోసారి," అంది నోరు, అలవాటు కొద్దీ.

ఏడు.

టక్... టక్...

రుద్దాడు. ఏడు. రుద్దాడు. ఆరు. అంకె తగ్గిన కొద్దీ లోపలి చప్పుడూ తగ్గుతోంది. అది ఆయనకి తెలుస్తూనే ఉంది. తెలిసీ రుద్దాడు, అదే ఆయన పాపం. గోడ గడియారంలో గంట గడిచిపోయింది.

అయిదు.

టక్...

గోడ మీద గోరుతో గీకినంత చప్పుడు. అంతే.

నాలుగు.

ఇంకేం వినిపించలేదు.

నాలుగు... నాలుగు... వరసగా మూడుసార్లు. ఇరవై రెండేళ్ళలో ఏనాడూ ఆ అంకె చూసి ఆయనకి అంత భయం వెయ్యలేదు. ఒక్క గెంతున వెళ్ళి పెట్టె గడియ లాగాడు. గుప్పున వేడి ఆవిరి మొహానికి కొట్టింది. ఏడాదిగా కరెంటు ఎరగని పెట్టె... లోపల ఖాళీ అరలు, అరల నిండా చెమ్మ.

"అయ్యో... అయ్యో, ఎంత పని చేశాన్రా దేవుడా!" అంటూ అక్కడే కూలబడ్డాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి ఫోన్ తీసి విచారణ అధికారికి చేశాడు.

"సార్... నేను రాసింది అబద్ధం. తొమ్మిది వస్తే నాలుగు రాశాను. పిడిలో దమ్ము లేదు, తప్పంతా నాది. ఆ కుర్రాణ్ణి వదిలెయ్యండి సార్, మీకు దణ్ణం పెడతా."



"ఇప్పుడా చెప్పడం, మాస్టారూ?" అన్నాడు అధికారి చివరికి. "ఇప్పుడే స్టేషన్ నుంచి ఫోన్. ఆ అబ్బాయి పోయాడు. గంట నుంచీ లాకప్ తలుపు కొడుతూనే ఉన్నాట్ట. అన్నా, అన్నా అని ఒకటే పిలుపట. మామూలు ఏడుపేలే అని కాపలావాడు పట్టించుకోలేదు. తీరా తీసి చూస్తే... ఒళ్ళంతా తడిసి ముద్దయి ఉందట."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు మాస్టారు. పెట్టెలోది మిల్లులో పోయిన అన్న గొంతే అనుకున్నాడు. కానీ పోయినవాడు తమ్ముణ్ణి 'అన్నా' అని ఎందుకు పిలుస్తాడు? ఆ గంటసేపూ పెట్టెలోంచి పిలిచింది బతికున్నవాడు. తను అప్పుడే గడియ మీద చెయ్యి వేసుంటే ఇంకా బతికుండేవాడు.

బల్ల మీద గేటు ఫోన్ మోగింది. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"సార్, నేనే," అన్నాడు వాచ్‌మన్. "ఇప్పుడే ఒక కుర్రాడొచ్చాడు. మా అన్న లోపలున్నాడు, కలిసి వెళ్ళిపోతాం అంటే పంపించాను. తప్పులేదు కదా?"

"అ... అన్నెవరయ్యా?"

"అదేంటి సార్, మీతోపాటు వచ్చినాయనే కదా? పాపం, బట్టలన్నీ తడిసిపోయి ఉన్నాయి. మీరే తలుపు పట్టుకుని ముందు ఆయన్ని లోపలికి పంపారు."